సంతకెళ్లే బండి తాళం ఎవరి దగ్గర ఉండాలి?



సంత రోజు సాయంత్రం మన పాడేరు ఏజెన్సీలో ఏ రోడ్డు మీదైనా చూడండి. ఒక బండి మీద ముగ్గురుంటారు, తలకి హెల్మెట్ ఉండదు, నడిపేవాడు తాగే ఉంటాడు. ఇది మనకి ఎంత మామూలైపోయిందంటే, ఎవరమూ ఆపం.

"తాతల కాలం నుంచి తాగుతున్నాం, మనకేం కాదు" అంటారు పెద్దోళ్లు. నిజమే, జీలుగు కల్లు మన పండగలో ఉంది, పెళ్లిలో ఉంది, చావులోనూ ఉంది. దాన్ని తిట్టడానికి ఈ పోస్టు రాయట్లేదు. కానీ మన తాతలు తాగి, నడిచి ఇంటికెళ్లారు. కాలిబాట మీద తూలి పడితే మోకాలు గీరుకునేది, అంతే. ఇప్పుడు చాలా ఊళ్లకి తారు రోడ్డు వచ్చింది, వాయిదాల మీద బండీ వచ్చింది. ఘాట్ మలుపులో తూలితే కింద లోయే.

కల్లు మందు కాదు కదా అనేవాళ్లూ ఉన్నారు. రక్తంలో చేరాక రెండూ ఒకటే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కేసు. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మజ్జిగ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా అది దిగదు. గంటలు గడవాల్సిందే.

జరిమానా ఎలాగోలా కట్టుకోవచ్చు. కానీ ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన కుర్రాడు పోతే, వెనకున్న తమ్ముడు, చెల్లి చదువు కూడా అక్కడితో ఆగిపోతుంది. అది ఎవరు కడతారు?

అందుకే సంతకి బయల్దేరే ముందే ఆ రోజు ఎవరు తాగరో తేల్చుకుందాం. తాళం వాళ్ల దగ్గరే ఉండాలి. అందరూ తాగేస్తే, చుట్టాలింట్లో పడుకుని పొద్దున్నే వద్దాం. "తాళం ఇలా ఇయ్యి మావా" అని అడగడం పెద్దోళ్లని అగౌరవపరచడం కాదు.

ప్రమాదం చూస్తే 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే ఒకరు దెబ్బ తగిలినవాళ్ల దగ్గరుండి, ఇంకొకరు సిగ్నల్ దొరికే చోటికి పరిగెత్తాలి. కేసులో ఇరుక్కుంటామని తప్పుకోవద్దు. మంచి మనసుతో సాయం చేసినవాళ్లకి రక్షణగా 2019 సవరణలో సెక్షన్ 134ఏ చేర్చారు.

వచ్చే ఇటుకల పండగకి ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురం ఈ తాళాల బాధ్యత తీసుకుందాం. మీ ఊరి నుంచి ఎవరు ముందుకొస్తారో గ్రూపులో చెప్పండి.

జై ఆదివాసీ!