ఎవరి గురించి వారే రాసుకుంటే

కాకిపిల్ల కాకికి ముద్దు. ఉపాధ్యాయుడికి తన కొడుకు మీద మమకారం ఉండటం తప్పు కాదు. అయితే ఆ కొడుకు తన తరగతిలోనే చదువుతుంటే, వాడి జవాబుపత్రాన్ని మరొకరిచేత దిద్దించడం న్యాయం. తానే దిద్ది సరైన మార్కులే వేసినా, తక్కిన పిల్లల మనసులో అనుమానం మిగిలిపోతుంది.

విజ్ఞాన సర్వస్వాలకూ ఈ చిక్కు తప్పలేదు. పూర్వం వాటిని పండితులు రాసేవారు; సంపాదకులు పరిశీలించేవారు. 2001 జనవరి 15న ఇంటర్నెట్‌లో మొదలైన వికీపీడియా ఆ పనిని అందరి చేతికీ ఇచ్చింది. 2003 డిసెంబరులో తెలుగులోనూ అది ప్రారంభమైంది. అందులో ఎవరైనా రాయవచ్చు, దిద్దవచ్చు. మరి ఎవరి గురించి వారే రాసుకుంటే?

ఈ ప్రశ్న స్థాపకుల దగ్గరే తలెత్తింది. వికీపీడియాను ప్రారంభించినవారు జిమ్మీ వేల్స్, లారీ శాంగర్. 2005లో వేల్స్ తన గురించిన వ్యాసాన్ని తానే పలుమార్లు దిద్దారు. శాంగర్‌ను సహస్థాపకుడని చెప్పే మాటలను తొలగించారు. పొరపాట్లను సరిచేస్తున్నాననే ఆయన అనుకున్నారు. కాని వికీపీడియాలో ప్రతి మార్పూ చరిత్రగా నిలిచి ఉంటుంది. ఎవరైనా దానిని తెరిచి చూడవచ్చు. సంగతి బయటపడింది. విమర్శలు వచ్చాయి. తాను ఆ పని చేయకుండా ఉండవలసిందని వేల్స్ ఒప్పుకొన్నారు. ఆ వ్యాసంలో శాంగర్ పేరు సహస్థాపకుడిగా మళ్ళీ చేరింది. స్థాపకుడి మాటకంటె ఆధారానిదే పైచేయి అయింది.

తటస్థత అంటే అభిప్రాయాలను దాచడం కాదు. పొగడ్తనూ తెగడ్తనూ చెరిసగం పంచడమూ కాదు. నమ్మదగిన ఆధారాలు ఏ మాటకు ఎంత బలమిస్తే, దానికి అంత చోటివ్వడం. సొంత ప్రయోజనం ఉన్నవారు ఆ సంబంధాన్ని ముందుగా చెప్పాలి. వ్యాసాన్ని నేరుగా దిద్దక, కావలసిన మార్పును చర్చాపేజీలో ఆధారాలతో సూచించాలి. డబ్బు తీసుకొని రాసేవారు ఆ విషయాన్ని తప్పక వెల్లడించాలన్న నిబంధన 2014లో వచ్చింది.

హోసూరులోనో బరంపురంలోనో పుట్టిన తెలుగు విద్యార్థి రేపు తన ఊరి గురించి రాయబూనవచ్చు. రాయాలి కూడా. ఊరి సంగతులు తెలిసినవారు మౌనంగా ఉంటే అవి మరుగున పడిపోతాయి. కాని “మా ఊరంత గొప్ప ఊరు లేదు” అని రాస్తే, ఆ పక్కనున్న నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. పాత శాసనాన్ని, అచ్చయిన పుస్తకాన్ని చూపి, పొరుగు భాషవారికి తెలిసిన సంగతులకూ చోటిస్తే ఆ రాత నిలుస్తుంది.

ఊరి మీద ప్రేమ కలం పట్టిస్తుంది. రాసినదాన్ని మాత్రం పదిమందీ దిద్దనివ్వాలి.