నీలం ఎందుకు అలిగింది?

ఎండలో ఫొటో అచ్చేసే సరదా మీకూ పట్టుకుందా? అయితే కూర్చోండి, కాసేపు సయనోటైప్ కబుర్లు చెప్పుకుందాం. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. మరుసటేడే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచును కాగితం మీద పరిచి, నీలి అచ్చులు తీసి, ఏకంగా పుస్తకమే వెయ్యడం మొదలెట్టింది.

సరంజామా కొంచెమే. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ విడివిడిగా నీళ్లలో కరిగించి, సమపాళ్లలో కలిపి, మసక వెలుతురులో కాగితానికి పూసి ఆరబెట్టాలి. ఆరాక దానిమీద ఫొటో నెగెటివ్ పరిచి ఎండలో పెట్టాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకినచోట ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారి, ఫెర్రిసయనైడ్‌తో కలిసి ప్రష్యన్ నీలం అవుతుంది. సోకనిచోట మందంతా కడుగులో పోయి తెల్లకాగితం మిగలాలి.

మిగలాలనే ఉంటుంది. కానీ ఈ నీలం సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడిలా అలుగుతుంది. కారణం నోటితో చెప్పదు, వాలకం చూసి మనమే పట్టుకోవాలి.

తెల్లగా ఉండాల్సిన చోట నీలి మసక వచ్చిందా? మందు పూసిన కాగితం నుంచి చిన్న ముక్క కోసి, ఎండ చూపించకుండానే కడిగెయ్యండి. తెల్లబడితే మందు మంచిదే, ఎండ ఎక్కువైందో, నెగెటివ్ మరీ పలచగా ఉందో చూసుకోండి. ఆ ముక్కా నీలంగానే మిగిలితే మందు పాతబడి ఉండాలి, పూసిన కాగితం నిలవదై ఉండాలి, లేదా ఆరబెట్టినచోట వెలుతురు పడి ఉండాలి.

కడిగేటప్పుడు నీళ్ల రంగు చూడండి. పసుపుపచ్చగా పోతే బెంగ లేదు, అది మిగిలిపోయిన మందు. నీలంగా పోతోందంటే పోయేది బొమ్మే! ఎండ చాలలేదు, లేదా మందు కాగితంలోకి ఇంకలేదు. ముదురు భాగాలు బూడిదరంగు తిరిగి, ‘అయ్యో, మాడిపోయింది’ అనిపించేదాకా ఎండలోనే ఉంచండి.

అన్నీ బాగానే ఉండి నీలం వెలవెలబోతోందా? అనుమానించాల్సింది క్షారాన్ని. ప్రష్యన్ నీలానికి క్షారం పడదు. కాగితం పసుపెక్కకుండా కొన్ని కంపెనీలు అందులో కాల్షియం కార్బొనేట్ కలుపుతాయి. మన బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంటే తెలియడం లేదూ! మొదటి కడుగులో చిటికెడు నిమ్మ ఉప్పో, చెంచాడు వెనిగరో వేసి చూడండి. ఘాటైన ఆమ్లాల జోలికి మాత్రం వెళ్లకండి. ఫెర్రిసయనైడ్‌తో కలిస్తే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది.

నీలి చుక్కలు పడుతున్నాయా? కుంచె వెంట్రుకల్ని పట్టి ఉంచే రేకు తుప్పు పట్టిందేమో చూడండి. ఆ ఇనుము రవ్వలు మందులో పడితే చాలు, ఎండతో పని లేకుండానే చుక్కలు తేలతాయి.

గోడమీద వేలాడి వెలిసిన బొమ్మనైతే పారెయ్యకండి. చీకట్లో, గాలి తగిలేలా కొన్నాళ్లు ఉంచితే పోయిన నీలం చాలావరకు తిరిగొస్తుంది.

ఒక్క మాట. కాగితం, నీళ్లు, ఎండ మూడింటినీ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి, కాగితం వెనకాల పెన్సిల్‌తో రాసుకోండి. లేకపోతే బొమ్మ కుదిరినా, ఎందుకు కుదిరిందో మీకే తెలియదు!