తూము పక్కనే బీడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ మాట అన్న మహానుభావుడెవరో గాని, హైదరాబాదులో అద్దెకు వుండి ఎరగడని నా నమ్మకం. ఎరిగి వుంటే "అద్దెకు గది వెతికి చూడు" అని మూడో మాట కూడా చేర్చి వుండేవాడు.

సైన్సు చదివేవాడికి ఇళ్ళ గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. కాలేజీకి రోజూ వచ్చిపోయే ప్రతివాడికీ ఈ గొడవ వున్నదే. నేను వుండేది కృష్ణానగర్‌లో. పొద్దున యూసఫ్‌గూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, అసెంబ్లీ స్టేషనులో దిగుతాను. సెలవు రోజున అదే స్టేషనులో అటువైపు రైలెక్కితే రోడ్ నంబర్ 5, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి, మాదాపూర్ వరుసగా వస్తాయి. ఈ దారిని అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా 2019 మార్చిలోనూ, రాయదుర్గం దాకా అదే ఏడు నవంబరులోనూ తెరిచారు. కిటికీలోంచి చూస్తే యూసఫ్‌గూడ దగ్గర మేడ మీద మేడ, నీళ్ళ ట్యాంకు పక్కన నీళ్ళ ట్యాంకు. చెక్‌పోస్ట్ వచ్చేసరికి రోడ్డు వారనున్న షాపుల వెనక చెట్లు, ప్రహరీగోడలు, ఒక్కో గోడ వెనక ఒక్కో బంగళా. మధ్యలో గడిచింది మూడు నాలుగు నిమిషాలు.

మాది ఖమ్మం జిల్లాలో సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు. అందుకని ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు కాలువే గుర్తుకొస్తుంది. కోట్లు పోసి కాలువ తవ్వుతారు, తూము పెడతారు. ఆ తూము కింద నీరందే నేల దాని ఆయకట్టు. తూము పక్కనున్న భూమిని బీడు పెట్టి, చివరి భూములకు నీళ్ళందటం లేదని వాపోయేవాణ్ణి మా ఊళ్ళో ఎవరూ తెలివైనవాడు అనరు. మెట్రో స్టేషను కూడా ఒక తూమే. మనిషి నడిచి రాగలిగినంత మేర దాని ఆయకట్టు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రకటించిన రవాణా ఆధారిత అభివృద్ధి విధానంలో ఆ దూరాన్ని 500 నుంచి 800 మీటర్లుగా చెప్పారు.

ఈ కొండల కథ కూడా కొంచెం చెప్పుకోవాలి. 1960లలో చల్లగళ్ళ నరసింహంగారి పూనికతో ఏర్పడిన సహకార గృహనిర్మాణ సంఘం ఈ రాళ్ళగుట్టలను ప్లాట్లు చేసింది. అప్పటికి అది ఊరికి ఆ కొస. బస్సు లేని చోట పెద్ద ప్లాట్లు వేయటాన్ని ఇవాళ తప్పుపట్టి లాభం లేదు. ఇక సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లమెల్లగా తరలి వచ్చింది. 1950లలోనే అమీర్‌పేట దగ్గర సారథి స్టూడియో వెలిసింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియో కట్టారు. ఆ తర్వాత ఫిల్మ్‌నగర్, రామానాయుడు స్టూడియో వచ్చాయి. హీరోలూ నిర్మాతలూ కొండ మీద స్థిరపడ్డారు. లైట్లు మోసేవాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ వాళ్ళు కొండ కింద కృష్ణానగర్‌లో, ఇందిరానగర్‌లో, ఫిల్మ్‌నగర్ గుట్టవాలు బస్తీలలో సర్దుకున్నారు. పనికి నడక దూరంలో ఇల్లు అనే సూత్రాన్ని ఏ పట్టణ ప్రణాళికా చెప్పకుండానే వీళ్ళు అమలుపరిచారు. కాకపోతే గాలినీ వెలుతురునూ వదులుకోవలసి వచ్చింది.

మా పక్క వాటాలో కాస్ట్యూమ్స్ శాఖలో పనిచేసే ఒకాయన వున్నాడు. చుట్టం కాదు గాని, బాబాయ్ అని పిలుస్తాను. షూటింగు వున్న రోజున తెల్లవారుజామున అయిదింటికి ప్రొడక్షన్ వాళ్ళ వ్యాను కృష్ణానగర్ సెంటరులో ఎక్కించుకుంటుంది. మెట్రో మొదటి రైలు ఆరింటికి. అంటే ఆయనకు ఇక్కడ వుండటం సోకు కాదు, అన్నం. రెండేళ్ళలో రెండుసార్లు అద్దె పెరిగింది. ఎందుకయ్యా అంటే "రైలు పక్కనే గదా" అని ఇంటివాళ్ళ జవాబు.

"నేనింకా రైలెక్కనే లేదురా అబ్బాయ్, టిక్కెట్టు మాత్రం నెలనెలా కడుతున్నా" అని బాబాయ్ నవ్వాడు.

పక్కన పిన్ని నవ్వలేదు. పిల్లల పరీక్షలయ్యాక మణికొండ అవతలకు మారిపోదామని ఇద్దరూ అనుకుంటున్నారు. ఆ మణికొండలోనే సినిమా కార్మికులు నటుడు డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డిగారి పేర చిత్రపురి కాలనీ కట్టుకున్నారు. మెచ్చుకోవలసిన పనే. కాని అందరికీ అందులో ఫ్లాటు దొరకలేదు. పైగా అక్కణ్ణించి రాయదుర్గం స్టేషను నడిచి వచ్చే దూరం కాదు. రైలు వచ్చింది గనుక రైలుకు దూరం కావలసి వచ్చిన మనిషిని నేను రోజూ మెట్ల మీద చూస్తున్నాను.

కాగితం పెన్సిలు తీసుకుని ఒక లెక్క వేశాను. స్టేషను చుట్టూ 500 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రం గీస్తే 78.5 హెక్టార్లు, అనగా సుమారు 194 ఎకరాలు. అందులో సగం రోడ్లకు, షాపులకు, పార్కులకు, రాళ్ళకు వదిలేద్దాం. మిగిలిన 97 ఎకరాల్లో 500 గజాల ప్లాట్లు 940 దాకా వస్తాయి. ప్లాటుకొక కుటుంబమైతే 940 కుటుంబాలు. అదే ప్లాటులో నాలుగంతస్తులు, అంతస్తుకు రెండు చిన్న వాటాలు అనుకుంటే ఎనిమిది కుటుంబాలు. అందరూ కట్టనక్కర లేదు. నలుగురు ఓనర్లలో ఒక్కరు ఒప్పుకున్నా మొత్తం 2,500 దాటుతుంది. మిగతా ముగ్గురి బంగళాలూ, మామిడిచెట్లూ ఎక్కడివక్కడే వుంటాయి.

మరి నిబంధనలు అడ్డమా అంటే, మన నగరంలో 2006 నాటి జీవో 86, 2012 నాటి జీవో 168 వచ్చాక, స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు లేదు. రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, చుట్టూ వదిలే ఖాళీ బట్టి ఎత్తు. కనుక విశాలమైన స్థలమున్న కోకాపేటలో ఆకాశానికి నిచ్చెన వేసినట్లు టవర్లు లేస్తున్నాయి. ఎత్తును తేల్చేది రోడ్డూ ప్లాటూ గాని, లోపల వుండబోయేవాడి జేబు కాదు. అటు నలభై అంతస్తులు, ఇటు ఒంటరి బంగళా. మధ్యరకం ఇల్లు మాత్రం ఎవరికీ పట్టనిదైపోయింది. బ్రెజిల్‌లో కురితీబా అనే నగరంలో 1970లలోనే బస్సులకు ప్రత్యేక దారులు వేసి, ఆ దారుల వెంట ఎత్తయిన ఇళ్ళకు అనుమతిచ్చి, దూరం పోయేకొద్దీ ఎత్తు తగ్గిస్తూ వచ్చారు. ముందు కాలువ ఎటు పోతుందో చూసి తర్వాత మడి కట్టారన్నమాట.

ఈ సంగతి చెబితే జూబ్లీహిల్స్‌లో ఇల్లున్న మా క్లాసు మిత్రుడు ఊరుకోలేదు.

"జనం ఎనిమిదింతలైతే మా డ్రైనేజీ పొంగదా? నీళ్ళెక్కడివి? ఆ బండరాళ్ళు, చెట్లు మిగులుతాయా?"

వాడి ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. ఆ రాళ్ళు దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటివి. పేల్చినవాడు మళ్ళీ అతికించలేడు. కనుక పైపులూ మురుగుకాలువలూ ఫుట్‌పాత్‌లూ ముందు, అంతస్తులు తర్వాత. కార్ల కోసమని కింది అంతస్తంతా వదలటం స్టేషను పక్కనైనా తగ్గించాలి. కట్టే వాటాల్లో కొన్నయినా బాబాయ్ లాంటివాళ్ళు అద్దె కట్టగలిగే చిన్నవై వుండాలని ముందే రాసుకోవాలి. లేకపోతే ఆ ఎనిమిది వాటాలూ ఎనిమిది కార్లున్నవాళ్ళకే పోతాయి.

వరి నాటేటప్పుడు మా నాయన ఒక మాట అంటుంటాడు: "దగ్గరేస్తే దోమ, దూరమేస్తే కలుపు." వానాకాలంలో చదరపు మీటరుకు 33 కుదుళ్ళు వుండాలనీ, ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట తీయాలనీ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. కుదుళ్ళు తగ్గితే దిగుబడి లేదు, బాట తీయకపోతే గాలాడక దోమపోటు. ఆ లెక్కన చూస్తే కృష్ణానగర్‌లో బాటలు లేవు, కొండ మీద కుదుళ్ళు లేవు. రెండుచోట్లా సాగు తప్పింది.

మిత్రులారా! మనలో చాలామంది రేపు ఈ నగరంలోనే గది వెతుక్కుంటారు. కొందరు ఆఫీసర్లయి ఇటువంటి ప్లాన్ల మీద సంతకాలు పెడతారు కూడా. స్టేషను పక్కన ఏ కాగితం మీ ముందుకొచ్చినా, ఎన్ని అంతస్తులని అడిగే ముందు తెల్లవారి అయిదింటికి పనికి పోయేవాడు ఇందులో ఎక్కడ వుంటాడని ఒక్కసారి అడగండి. జవాబు లేకపోతే కలం మూత పెట్టేయండి.