చక్రములపై నిల్లు

పెద్దనగారి మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడొసగిన పాదలేపమును పూసికొని హిమవత్పర్వతమును చేరెను. తిరిగి వచ్చుటను గూర్చి ఇంచుకయు యోచింపడయ్యెను. మంచునీట లేపము కరగిపోగా, ఇంటికడ ముసలి తల్లిదండ్రులు ఎదురు చూచుచుండ, కొండపై దిక్కుతోచక నిలిచెను. చిన్ననాట మా తాతగారు ఈ కథను చెప్పునపుడు నా మనస్సు వరూధిని మీదికి పోయెడిది కాదు. మంచున లేపము కరగునని ఆ సిద్ధుడేల చెప్పడయ్యెనా యని దాని మీదికే పోయెడిది. ఈ నాలుగు నెలలుగా ప్రవరుడు నాకు తరచుగా జ్ఞప్తికి వచ్చుచున్నాడు.

దీనికి కారకుడు మా మరిది. అతడు అమెరికాలో డెన్వరు నగరమున నున్నాడు. రాబోవు వేసవి సెలవులలో మమ్మందరిని రప్పించి, వారు ఆర్వీ యని పిలుచు ఇంటిబండిని అద్దెకు తీసికొని, రాకీ పర్వతములలోని జాతీయోద్యానవనములను చూపవలెనని అతని కోరిక. పడకలు, పొయ్యి, ఫ్రిజ్జు, నీళ్ళతొట్టి, స్నానపుగది, శౌచాలయము అన్నియు ఆ బండిలోనే యుండును. మేము నలువురము, అత్తగారు, మరిది, తోడికోడలు, వారి చిన్నది, వెరసి ఎనమండుగురము. అత్తగారికి డెబ్బదియొక్క యేండ్లు. రెండేండ్లనుండి మెట్లెక్కినచో ఆయాసము. చిన్నకొడుకు కాపురమును ఆమె ఇంతవరకు కన్నులార చూచి యెరుగరు.

మొదటి ప్రణాళిక మరిది పంపినది. పది దినములలో నాలుగు వనములు: రాకీ మౌంటెన్, గ్రాండ్ టీటన్, యెల్లోస్టోన్, గ్లేషియర్. పటముపై గీచిన గీత ముచ్చటగానే యున్నది. మావారు ఉపాధ్యాయులు గనుక, యెల్లోస్టోన్ 1872లో ఏర్పడిన దనియు, ప్రపంచమున జాతీయోద్యానవనమను పేర వెలసిన వానిలో అదియే మొదటిదనియు పిల్లలకు పాఠము మొదలిడిరి. నేను మాత్రము ఒక కాగితమును తీసికొని, ఏ రాత్రి ఎన్ని అడుగుల ఎత్తున పరుండవలసి వచ్చునో వ్రాసికొంటిని.

కోనసీమలో పుట్టి పెరిగిన మాకు ఎత్తన్నమాట కొబ్బరిచెట్టుతో సరి. డెన్వరే 5,280 అడుగుల మీద నున్నది. మరిది మొదటి దినముననే ఎక్కింపదలచిన ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల వరకు పోవును. ఎనిమిదివేల యడుగుల యెత్తున ఊపిరికి అందు ప్రాణవాయువు సముద్రతీరమున అందుదానిలో ఇంచుమించు ముప్పాతిక వంతే. మా వైద్యుడు అత్తగారి గుండెను, ఊపిరితిత్తులను పరీక్షింపించి, ప్రయాణము మానవలసిన పనిలేదనెను. అయితే డెన్వరులో మూడు రాత్రులు ఊరక యుండవలెను. ఆ తరువాత రాత్రి పడక యెత్తును మెల్లమెల్లగా పెంచవలెను. కదలక కూర్చున్నప్పుడును ఆయాసము తగ్గకున్నచో తెల్లవారువరకు ఆగక క్రిందికి దింపవలెను. దింపుటయే మందని ఆయన రెండుమారులు చెప్పెను.

ఆ యొక్కమాట మా ప్రణాళికనంతను తిరుగవ్రాయించినది. ముప్పది యడుగుల బండి నీటిగొట్టమునకును, విద్యుత్తీగెకును కట్టువడి యుండగా, నడిరేయి దానినెవరు విప్పి కొండదారిని దింపుదురు? దానికి తోడు మరియొక సంగతి బయటపడెను. బండిలో ఎనిమిది పడకలున్నమాట నిజమే కాని, నడుచునపుడు కట్టుకొనవలసిన బెల్టులు ఆరే! పడకలు లెక్కించి బండి మాటాడువారు ఈ లెక్కను తప్పక అడుగవలెను. కావున మరిదిగారి కారు కూడ వెంట రావలెనంటిని.

“కారు వచ్చినచో ఇంటిబండి సరదా ఏమున్నది వదినా?” అని అతడు నొచ్చుకొనెను.

“సరదాకు బండి, అమ్మకు కారు నాయనా” అంటిని. ఫోనులో కొంతసేపు మాటలేదు.

గ్లేషియర్ వనమును వదలుకొనుట అతనికి మరింత కష్టమాయెను. అందలి గోయింగ్ టు ది సన్ రోడ్డున, కొండ నడిమి భాగమునకు 21 అడుగులకు మించిన బండిని రానీయరు. పైగా మంచు తొలగించి ఆ దారిని పూర్తిగా తెరచునప్పటికి సాధారణముగా జూన్ చివరయో, జూలైయో అగును. మన బడులు జూన్ రెండవ వారముననే తెరతురు. బడి తెరచునాటికి ఉపాధ్యాయుడు ఊరలేకున్నచో ఎట్లు? రాకీ మౌంటెన్ వనమును ప్రయాణము చివరికి మార్చితిమి. అప్పటికి అత్తగారికి ఎత్తు అలవడి యున్నచో, కారులో ఒకపూట పోయివత్తుము, లేకున్న మానుదుము. డెన్వరునుండి గ్రాండ్ టీటన్ సుమారు 500 మైళ్ళు. ఒకదినముననే పోవచ్చునని మరిది పట్టు. రెండు దినములని నేను వ్రాసితిని, రెండుగానే నిలిచినది.

ఇక వంటమాట. ఒకనాడు తోడికోడలు నెమ్మదిగా అడిగెను: “అక్కయ్యా, ఆఫీసుకు సెలవు పెట్టి నేను వచ్చునది బండిలో అంట్లు తోముటకా?” ఎంత న్యాయమైన ప్రశ్న! ఇల్లు కదలినంతమాత్రమున ఇంటిచాకిరి నిలిచిపోదుగదా. బండి తొట్టి నలుబది గ్యాలనులది, అనగా నూటయేబది లీటర్లు. ఎనమండుగురికి అది మన పెరటిలో ఒక పూట స్నానములకు చాలదు. వాడిన నీరు వేరొక తొట్టిలోను, శౌచాలయపు మురుగు మూడవ తొట్టిలోను చేరును. వానిని నియమిత స్థలమున గొట్టముతో ఖాళీ చేయవలెను. ఆ పని మరిదిది. అంట్లు మావారివి, పడకలు పిల్లలవి. దినమునకు ఒక్కపూటయే వంట. రెండవపూట అటుకులు, పులిహోర, పెరుగన్నము. ఈ పంపకమును వ్రాసి అందరిచేత సంతకములు చేయించితిని. మావారు నవ్వుచు చేసిరి గాని, చేసిరి.

కుక్కరు మరువరాదు. యెల్లోస్టోన్ సరస్సు 7,733 అడుగులమీద నున్నది. అచట నీరు సుమారు 92 డిగ్రీలకే మరగును గనుక, కందిపప్పు విడిగిన్నెలో ఎంతసేపుంచినను పలుకుగానే యుండును.

అత్తగారు బండి నమూనాను కండ్లజోడు పెట్టుకొని చూచి, “పొయ్యికిని శౌచాలయమునకును నడుమ ఎంత దూరము?” అని యడిగిరి. మావారు కొలచి నాలుగడుగులనిరి. ఆమె మడిగట్టి వండుకొనువారు. రెండు దినములు ఆ ప్రసక్తి యెత్తలేదు. రానందురేమోయని నా గుండె దడదడలాడెను. మూడవనాడు తామే, “ప్రయాణమున ఆచారమును పెద్దలే సడలించిరి. నా యన్నము నేను చెట్టుక్రింద చిన్నపొయ్యిమీద వండుకొందును. కార్తికమున వనభోజనములు చేయుటలేదా?” అనిరి.

అయితే ఉసిరిచెట్టు క్రింద ఎలుగుబంటి రాదు! సరస్సు చెంతనున్న ఫిషింగ్ బ్రిడ్జి విడిదిలో మాకు మూడు రాత్రులకు చోటు దొరికినది. నీరు, విద్యుత్తు, మురుగు గొట్టము మూడును గల విడిది ఆ వనమున అదియొక్కటే. గ్రిజ్లీ ఎలుగులు తిరుగుచోటగుటచే గట్టిగోడల బండ్లనే యచట నిలువనిత్తురు. వంట ముగియగానే గిన్నెలు, పొయ్యి, ఆవకాయ జాడీతో సహా లోపల పెట్టవలెను. ఎలుగునకు వందగజములు, అడవిదున్నకు ఇరువదియైదు గజములు ఎడముండవలెనని నియమము. అత్తగారు విని, “నేనేమి దాని దగ్గరకు పోవుదునా?” అనిరి.

విడిదికి చేరువనే వేసవిలో వైద్యశాల యుండును. అంతకు మించినచో తూర్పున కోడీ పట్టణము, సుమారు 5,000 అడుగులు. కాని ఆ దారిలో ముందు 8,524 అడుగుల సిల్వాన్ కనుమ నెక్కి గాని దిగుటకు వీలులేదు. పటముపై దగ్గరగా కనబడు దారి రోగికి దగ్గర కాకపోవచ్చును. ఈ మాటను మరిదికి వ్రాయగా, అతడు ఉత్తరపు దారిని కూడ గుర్తించి, రెండు కాగితములు కారులో నుంచెదనని బదులు వ్రాసెను. ఈసారి సరదా మాట ఎత్తలేదు.

అత్తగారు ప్రతి సాయంకాలము ఏటిగట్టు ఎక్కి దిగుచున్నారు. నిన్న నడుమ నిలువక ఎక్కిరి. ఇంకను తేలనిది పడకల పంపకము. డ్రైవరు నెత్తిమీది మంచముకొరకు పిల్లలు ముగ్గురును, మావారును పోటీపడుచున్నారు.