ఎగిరేవాటిని కాదు, మట్టిని చూడండి



ఇంట్లో పెట్టుకున్న పూలకుండీల చుట్టూ, టీ గ్లాసు మీదా, మొహం మీదా తిరిగే సన్నటి నల్లపురుగుల్ని మీరూ చూసే ఉంటారు. చాలామంది వాటిని దోమలనుకుంటారు. ఇవి కుట్టవు. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఉండవు, సరిగా ఎగరలేవు కూడా. ఫంగస్ న్యాట్స్ అంటారు వీటిని.

మా సంఘంలో ఒక పెద్దామె ఉంది. భర్త పోయి రెండేళ్లు. ఆయన నాటిన మనీప్లాంటు కిటికీ పక్కన కుండీలో ఉంది. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు పోస్తుంది. అది ఆమెకు ఆయనతో మాట్లాడినట్టే. ఈమధ్య ఆకులు పసుపుబారాయి, పురుగులు ముసిరాయి. దోమల కాయిల్ వెలిగించింది. తెల్లారేసరికి మళ్లీ అన్నీ ఉన్నాయి. "అయ్యగారూ, ఆయన గుర్తుగా ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా పోతుందా?" అని అడిగింది.

పైమట్టిని పుల్లతో కదిపి చూశాను. నల్లటి తల, గాజులాంటి ఒళ్లు ఉన్న సన్నని పిల్లపురుగులు కనబడ్డాయి. అసలు సంగతి అక్కడుంది. ఎగిరేవి వారం పది రోజులే బతుకుతాయి. కానీ ఒక్కొక్క ఆడపురుగు తడిమట్టిలో వందకు పైగా గుడ్లు పెట్టగలదు. పిల్లలు మట్టిలోని బూజునూ కుళ్లిన ఆకులనూ తింటాయి, ఎక్కువైతే లేతవేళ్లనూ కొరుకుతాయి. గుడ్డు రెక్కలపురుగు అయ్యేసరికి మూడు నాలుగు వారాలు. అందుకే గాలిలో ఉన్నవాటిని ఎన్ని చంపినా మట్టిలోంచి కొత్తవి వస్తూనే ఉంటాయి.

"అమ్మా, వేలు రెండు కణుపుల లోతు దించితే పొడి తగలాలి. అప్పటిదాకా నీళ్లు పోయొద్దు" అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "దాహంతో చచ్చిపోదా అయ్యగారూ?" మనీప్లాంటు కొంత ఎండకు ఓర్చుకుంటుందనీ, వేళ్లకు నీళ్లతోపాటు గాలి కూడా కావాలనీ, ఎప్పుడూ తడిగా ఉంటే అవి కుళ్లుతాయనీ చెప్పాను.

పాచిపట్టిన పైమట్టి తీసేశాం. కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోశాం. పొలాల్లో తెల్లదోమకు కట్టే పసుపు జిగురు అట్ట ముక్కొకటి మట్టిలో గుచ్చాం. అది గుడ్లు పెట్టేవాటిని పట్టుకుంటుంది, ఎన్ని మిగిలాయో కూడా చూపిస్తుంది.

అప్పటికీ తగ్గకపోతే బీటీఐ అనే బ్యాక్టీరియా పొడి ఉంది. దీన్ని 1976లో ఇజ్రాయేలులోని నెగెవ్ ఎడారిలో, దోమపిల్లలు చచ్చి తేలుతున్న నీటిగుంటలో కనుగొన్నారు. నీళ్లలో కలిపి పోస్తే మట్టిలోని పిల్లపురుగులు దాన్ని తిని చస్తాయి. ఎగిరేవాటిని అదేమీ చేయదు. కాబట్టి వారం వారం కొన్నిసార్లు పోయాలి.

ఆమెకు ఆ అవసరం రాలేదు. మొదటి వారం అట్ట నల్లగా నిండింది. రెండో వారం, "తగ్గలేదు అయ్యగారూ" అంది. "మట్టిలో ఉన్నవి ఇంకా బయటికి వస్తున్నాయమ్మా, ఆగు" అన్నాను. అయిదో వారానికి అట్టకు రెండే అంటుకున్నాయి. కొత్త ఆకు ఒకటి చుట్టుకుని పైకి వచ్చింది.

ప్రియులారా, మనం ప్రేమించినదానికి ఏదో ఒకటి పోస్తూనే ఉండాలనిపిస్తుంది. దానికి ఏం కావాలో కనుక్కుని చెయ్యి ఆపుకోవడం అంతకంటే కష్టం. ఆమె ఇప్పటికీ పొద్దున్నే కుండీ దగ్గరికి వెళుతుంది. ముందు మట్టిలో వేలు పెట్టి చూస్తుంది. పొడి తగిలితేనే చెంబు అందుకుంటుంది.