చింతపండు లెక్క

ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో హాస్టల్ వదిలి ఊరికి వచ్చేశాను. మాది పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఊరు. ఇంట్లో మాట్లాడేది కువి. తెలుగు బడిలో నేర్చుకున్నాను. కాలేజీలో నేను నోరు విప్పితే వెనక బెంచీలో నవ్వేవాళ్లు. ఒకరోజు పాఠం చెప్పే ఆయన కూడా నవ్వారు. ఆ తర్వాత హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేదాన్ని, పలికేదాన్ని కాదు.

ఇంటికొచ్చాక కూడా, ఎవరైనా వస్తే వెనక గుమ్మం గుండా చేనుకి పోయేదాన్ని. అమ్మ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉండేది.

అలా ఏడాది గడిచింది. అప్పుడే అమ్మవాళ్ల పొదుపు సంఘం వన్‌ధన్ కేంద్రంలో చేరింది. 2018లో వచ్చిన పథకం అది. పదిహేను సంఘాలు, సుమారు 300 మంది కలిస్తే ఒక కేంద్రం. అడవి సరుకును ఉన్నదున్నట్టు పోసేయకుండా బాగుచేసి అమ్ముకోవాలి. జీసీసీ 1956 నుంచి ఉన్నా, చేతిలో డబ్బు లేని రోజున మావాళ్లు సంతలో వ్యాపారికే పోస్తారు. అతని కాటా ఎంత చూపిస్తే అంత.

పెంకు, పీచు, పిక్క తీయడం మా ఆడవాళ్లకు కొత్త కాదు. పుస్తకం కొత్త. ఎవరు ఎంత తెచ్చారు, పిక్క ఎంత పోయింది, ఎవరికి ఎంత రావాలి, రాసేవాళ్లు లేరు. పెద్దమ్మ ఒకావిడ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వు మాట్లాడక్కర్లేదమ్మా, రాయి చాలు" అంది.

రాశాను. మూడో వారం ఒక ఇంటి బస్తాను రెండుసార్లు ఎక్కించాను. 640 రూపాయలు ఎక్కువ ఇచ్చేశాం. రాత్రి కూడుకుంటుంటే తెలిసింది. నిద్ర పట్టలేదు. పుస్తకం అమ్మ దగ్గర పడేసి మళ్లీ వెనక గుమ్మం చూసుకుందామనుకున్నాను. కానీ పొద్దున్న సంఘం మా వాకిట్లోనే కూర్చుంది. కువిలో చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను.

"నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. మళ్లీ కూడు" అంది పెద్దమ్మ.

డబ్బు తీసుకున్న అత్త అప్పటికే బియ్యం కొనేసింది. తర్వాత రెండు వారాల సరుకులో తగ్గించుకున్నాం. ఆమె నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు, అదీ నిజమే.

ఆ నెల చివర ఒక వ్యాపారి తూకం తగ్గించి చెప్పాడు. బస్తా ఇంటి దగ్గరే తూచి రాసుకున్నాం కదా! పుస్తకం తెరిచి, నాలుగు కిలోలు తగ్గిందని తెలుగులోనే చెప్పాను. గొంతు వణికింది. అతను మళ్లీ తూచాడు.

ఈ ఏడాది ఓపెన్ స్కూల్లో ఇంటర్ ఫీజు కట్టాను. పరీక్షల రోజుల్లో పుస్తకం చూసుకోమని పక్కింటి చెల్లికి నేర్పుతున్నాను. కూడికలు బాగా వేస్తుంది. ఎక్కించిన బస్తా పక్కన టిక్కు పెట్టడమే మర్చిపోతోంది.