చక్రాల మీది పడకగది: పొయ్యి ఎక్కడ ఉండాలి?



నా చిన్నతనంలో తంగళ్ళపల్లి నుండి వేములవాడ రాజన్న దర్శనానికి సవారి కచ్చురంలో వెళ్ళేవాళ్ళం. అడుగున వరిగడ్డి, దానిపై జంపఖానా, పైన గూడు. పిల్లలమంతా లోపల పడుకునేవాళ్ళం. వంట మాత్రం బండి దిగి, చెట్టు కింద మూడు రాళ్ళ పొయ్యి మీదే. గడ్డి అంటుకుంటుందన్న భయంతో మా తాత బండిలోకి చుట్టను కూడా రానిచ్చేవాడు కాదు. పడక లోపల, నిప్పు బయట. ఆ నియమం ఎంత విలువైనదో డెబ్బై ఏళ్ళు దాటాక, అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నప్పుడు మళ్ళీ గుర్తుకు వచ్చింది.

వాడు డల్లాస్ దగ్గర ఉంటాడు. కారు వెనుక తగిలించుకుని వెళ్ళే చిన్న ట్రైలరు ఒకటి కొనాలనుకున్నాడు. ముందు గుండ్రంగా, వెనుక వాలుగా నీటిబొట్టులా ఉంటుంది కనుక దానిని అక్కడ ‘టియర్‌డ్రాప్’ అంటారు. 1930ల నుండే అక్కడివారు ఇలాంటివి సొంతంగా తయారు చేసుకుంటున్నారు. లోపల ఇద్దరికి సరిపోయే పరుపు ఉంటుంది, నిలబడే ఎత్తు ఉండదు. వెనుక తలుపు పైకెత్తితే వంటగది కనబడుతుంది: గ్యాస్ పొయ్యి, గిన్నెల అరలు, నీళ్ళ డబ్బా. వంట చేసేవారు మాత్రం బయట నేల మీద నిలబడాలి.

వాడు రెండు బండ్లను చూసి వచ్చాడు. ఒకటి ఈ టియర్‌డ్రాప్. రెండవది కొంచెం పెద్దది, పొయ్యి లోపలే ఉన్నది. నా శ్రీమతికి రెండవదే నచ్చింది. ఆమెకు ఉబ్బసం ఉంది. చలిగాలిలో నిలబడి వంట చేయాలంటే ఎవరికైనా కష్టమే. “బాపూ, మీ ఇద్దరి కోసమే కదా, నువ్వే చెప్పు” అన్నాడు. నేను మొదటిదే తీసుకోమన్నాను. ఎందుకో చెప్పాలంటే ఒక పాత సంగతి చెప్పాలి.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, పుష్యమాసం చలిలో ఒక తెల్లవారుజామున ఒక బాలింతను, ఆమె తల్లిని ఎడ్లబండిలో తీసుకువచ్చారు. బాలింతకు తలనొప్పి, వాంతులు. తల్లికి స్పృహ లేదు. రాత్రి తిన్న తిండి వికటించిందనుకున్నాను. తిండి ఏమిటని అడిగానే గాని, గదిలో ఏముందని అడగలేదు. చంటిబిడ్డకు చలి తగలకూడదని తలుపులు బిగించి, బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నారన్న మాట అరగంట తరువాత బయటపడింది. అప్పుడు ప్రాణవాయువు పెట్టాను. రాత్రి ఏడిస్తే పక్క గదిలోకి ఎత్తుకుపోయారట, అందువల్ల బిడ్డకు ఏమీ కాలేదు. బాలింత కోలుకుంది. పెద్దావిడ మధ్యాహ్నానికి కన్నుమూసింది. ఆ అరగంట నన్ను ఇప్పటికీ వదలలేదు.

బొగ్గు, కట్టె, గ్యాస్, డీజిల్ ఏది సరిగా మండకపోయినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటే ఈ విషవాయువును రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతులు, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవారికి అవీ తెలియవు. కోవిడ్ రోజుల్లో కొని దాచుకున్న వేలి యంత్రాన్ని ఇక్కడ నమ్మకండి. అది ఈ విషవాయువును కూడా ప్రాణవాయువుగానే లెక్కించి, సరిగానే ఉందని చూపగలదు.

ఇక బండి లెక్క చూడండి. పొడవు 8 అడుగులు, వెడల్పు 5, ఎత్తు 4 అనుకుంటే 160 ఘనపుటడుగులు. మన ఇళ్ళలో 10 అడుగుల ఎత్తున్న 10×12 గది 1,200 ఘనపుటడుగులు. అంటే ఏడో వంతు గాలి కూడా లేని చోట ఇద్దరు రాత్రంతా శ్వాసిస్తారు. అందులో పొయ్యి కూడా వెలిగిస్తే గాలి ఎంత త్వరగా చెడుతుందో మీరే ఊహించండి. అందుకే పొయ్యి బయట ఉన్న బండిని ఎంచుకున్నాం.

మరికొన్ని విషయాలు కూడా చూశాం. సరంజామాతో సహా బండి బరువు కారు లాగగలిగే పరిమితికి లోపల ఉండాలి. ఆ బరువులో పది నుండి పదిహేను శాతం కొక్కెం మీద పడేలా సామాను సర్దాలి. వెనుక బరువెక్కితే వేగంలో బండి అటూ ఇటూ ఊగి అదుపు తప్పుతుంది. తలుపులు రెండు వైపులా ఉండాలి. నా వయసు వారు రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తారు. పక్కవారిని దాటుకుని దిగే పని ఉండకూడదు. ఎదురెదురు కిటికీలు, పైకప్పుకు చిన్న ఫ్యాను ఉండాలి. లేకపోతే మన శ్వాసలోని తేమ గోడలకు చెమ్మగా పట్టి, పరుపు అడుగున బూజు పెరుగుతుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆ బూజు మంచిది కాదు. అందుకే పరుపు కింద చెక్కపట్టీలు వేయించి గాలి ఆడేలా చేశాం.

లోపల తలగడ దగ్గర కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం బిగించాం. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, కిందికి దిగుతుంది. కనుక దాని అలారం నేలకు దగ్గరగా పెట్టాం. సిలిండరు బయట. మంటలార్పే చిన్న సిలిండరు తలుపు పక్కనే. మందుల పెట్టె, టార్చి, దిగడానికి జారని పీట. ఇన్సులిన్‌ను మంచుకు తగలకుండా గుడ్డలో చుట్టి పెట్టాం. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

నవంబరులో పాలో డ్యూరో లోయకు బయలుదేరాం. డల్లాస్ నుండి సుమారు ఆరు గంటల దారి. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా రెండు గంటలకోసారి దిగి నడిచాం. సాయంత్రం కోడలు వెనుక తలుపెత్తి ఉప్మా చేసింది. రాత్రి చలి ముదిరింది. నా శ్రీమతి వణుకుతోంది, కాస్త ఆయాసం కూడా మొదలైంది. మా అబ్బాయి తన గుడారంలో నుండి చేతిలో పట్టే గ్యాస్ హీటరు తెచ్చాడు. “బాపూ, పది నిమిషాలు వెలిగించి తీసేస్తాను.”

వద్దన్నాను. “అమ్మ వణుకుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?” అన్నాడు. వాడి కోపం న్యాయమైనదే. ఆ బండిలో, బయటి గాలిని తీసుకుని పొగను బయటికే వదిలే హీటరు ఉంటే అభ్యంతరం ఉండేది కాదు. అది మా దగ్గర లేదు. పది నిమిషాలని వెలిగించినది, వెచ్చదనానికి కన్ను మూతపడితే తెల్లవార్లూ వెలుగుతుంది. వాడికి ఆ పెద్దావిడ సంగతి చెప్పాను. అంతవరకు నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాడు మాట్లాడకుండా హీటరు కారులో పెట్టి వచ్చాడు.

బయట పొయ్యి మీద నీళ్ళు కాచి, రబ్బరు సంచిలో పోసి, తువ్వాలు చుట్టి ఆమె పక్కన పెట్టాం. మధుమేహం ఉన్నవారు దీనిని పాదాలకు ఆనించకూడదు. స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. ఇన్‌హేలరు ఇచ్చాం. ఊరి నుండి తీసుకెళ్ళిన గొంగడి కప్పాం. “అమెరికాకు గొంగడి ఎందుకు?” అని నన్ను వెక్కిరించింది ఆమే. రెండు కిటికీలూ రెండేసి వేళ్ళు తెరిచి పడుకున్నాం. చలి వేసింది. తెల్లవారింది. ఆయాసం తగ్గి ఆమె నా కంటే ముందే లేచి టీ అడిగింది.

ఇది అమెరికా ముచ్చట కాదు. రెండేళ్ళకోసారి మేడారం జాతరకు మన పల్లెల నుండి ట్రాక్టరు ట్రాలీలలో, వ్యాన్లలో కుటుంబాలు బయలుదేరుతాయి. చుట్టూ టార్పాలిన్ కట్టి, గడ్డి పరిచి అందులోనే పడుకుంటారు. ట్రాలీ కూడా చక్రాల మీది పడకగదే. దయచేసి స్టవ్వును, కుంపటిని దాని లోపలికి ఎక్కించకండి. టార్పాలిన్‌ను రెండు వైపులా జానెడు విడిచి కట్టండి. ఇంజను నడుస్తున్న వాహనంలో అద్దాలు మూసుకుని నిద్రపోకండి. ఒకే చోట పడుకున్నవారిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే, ముందు అందరినీ బయటి గాలిలోకి తీసుకురండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. వైద్యుడికి ఏం తిన్నారో చెప్పడంతో ఆగకండి. లోపల ఏం వెలిగించారో కూడా చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.